అత్తాకోడండ్లు ఇంకా లోపలే ఉన్నారు

ఏ పనైనా మొదలుపెట్టే ముందు, దాన్ని ఎలా మొదలుపెట్టాలో చదివి తీరాలని గట్టిగా నమ్మిన వయసు అది. అప్పట్లో నేను హైటెక్ సిటీలో ఒక అద్దాల భవనం గేటు దగ్గర పగటి డ్యూటీ సెక్యూరిటీ గార్డుని. కొత్తగూడలో ముగ్గురం కలిసి ఉండే కిరాయి గది, వారానికో సెలవు, ఆ సెలవు రోజంతా శాఖా గ్రంథాలయం. పదో తరగతితో ఆగిన చదువును అక్కడి బెంచీ మీదే సాగదీశాను (నన్ను చూడగానే లైబ్రేరియన్ గారు ఫ్యాను వేసేవారు, నేనందుకున్న మొదటి సన్మానం అదే).

ఆ చదువు తలకెక్కి నేనూ ఒక పుస్తకం రాయాలనుకున్నాను. విషయం గేటు దగ్గరే దొరికింది. మా హౌస్‌కీపింగ్ అక్కది ఈ భవనాలు లేచిన ఊరే. చిన్నప్పుడు ఇక్కడే మేకలు కాసింది. ఒకరోజు చాయ్ తాగుతూ పార్కింగ్ వైపు చెయ్యి చూపి, "గాడ పిల్లి గుండు ఉండె. ఎండకాలం దాని నీడల పండుకునేటోళ్లం" అంది. ఇక్కడి ప్రతి బండరాయికీ ఒక పేరుండేదట. సగం బండల్ని పేల్చేశారు, పేర్లు మాత్రం అక్క నోట్లో మిగిలాయి. వాటన్నిటినీ రాసిపెట్టాలని ఆ చాయ్ చల్లారకముందే నిశ్చయించుకున్నాను.

తర్వాత ఆరు నెలలు ఒక్క అక్షరం రాయలేదు. ఊరికే కూర్చున్నానని కాదు. పట్టుదల గురించి నాలుగు పుస్తకాలు, ఏకాగ్రత గురించి రెండు, పొద్దున్నే లేవడం గురించి ఒకటి (అది మాత్రం పడుకునే చదివాను) పూర్తిచేశాను. అట్ట మీద నెమలి ఉన్న ఖరీదైన నోట్‌బుక్ కొని, మొదటి పేజీలో నా పేరు మూడు రకాల దస్తూరీల్లో రాసుకున్నాను. రెండో పేజీ తెరిచి మళ్లీ మూసేసేవాణ్ణి. అంత మంచి కాగితం మీద అంతకంటే మంచి వాక్యం పడాలి కదా!

"ఏంది తమ్మీ, రాసినవా?" అని అక్క రోజూ అడిగేది.

"ఇంకా లోపల్నుంచి ఉత్సాహం రాలేదక్కా."

"యాడికెళ్లి రావాలె అది? బస్సెక్కి వస్తదా?"

ఒక సోమవారం ఆమె చేతిలోని మాప్ గోడకు ఆనించి, "నెలాఖరు దాకనే తమ్మీ నేనీడ. బాచుపల్లిల బిడ్డ ఇంటి పక్కన బడిల పని దొరికింది" అంది. పేర్లన్నీ ఆమెతో పాటే వెళ్లిపోతాయి. అయినా అలవాటు కొద్దీ, "ఇంత తొందరలో మూడ్ రావాలంటే..." అని మొదలుపెట్టాను. ఆమె నా ముందున్న విజిటర్ల రిజిస్టరు మీద వేలు పెట్టింది. "గిది రోజంత రాస్తనే ఉంటవ్ గద. గేటు కాడ మనిషి నిలబడితె, జర ఆగు సార్, మూడ్ వచ్చినంక రాస్త అంటవా?"

ఏడు పుస్తకాల్లో ఎక్కడా ఆ ముక్క లేదు.

ఆ సాయంత్రమే కొత్తగూడలో, అచ్చం గేటు రిజిస్టరు లాంటిదే, ఎర్ర అట్టది కొన్నాను. అవే గళ్లు గీశాను: పేరు, వచ్చిన సమయం, వెళ్లిన సమయం, సంతకం. మర్నాటి నుంచి చాయ్ వేళకు అక్క చెప్పడం, నేను నింపడం. వచ్చిన సమయం అన్నిటికీ 'తెలియదు'. పేల్చేసిన బండలకు వెళ్లిన సమయం 'రోడ్డు వేసినప్పుడు', 'ఫ్లైఓవర్ కట్టినప్పుడు'. ఇంకా నిలిచి ఉన్నవాటికి ఆ గడి ఖాళీ. రోజుకు రెండు మూడు పేర్లు. ఏ పేజీనీ మూసెయ్యలేదు.

ఒకే బల్ల మీద ఒకే రంగు రిజిస్టర్లు రెండుంటే ఏం జరగాలో అదే జరిగింది. కోనసీమ నుంచి వచ్చిన మా సూపర్‌వైజర్ గారు ఒక మధ్యాహ్నం గేటు రిజిస్టరు తిరగేస్తూ ఆగిపోయారు.

"ఏమయ్యా, ఎవరీ అత్తాకోడండ్లు? వచ్చిన టైము తెలియదని రాశావేంటి? గేటు దగ్గరే ఉన్నావా, నిద్రపోయావా?"

నేను బల్ల మీదున్న రెండో ఎర్ర రిజిస్టరు కేసి చూశాను.

"సంతకాల్లేవు. వెళ్లిన టైమూ లేదు. అంటే ఇద్దరాడవాళ్లు ఇంకా లోపలే ఉన్నారన్నమాట!" అంటూ ఆయన వాకీటాకీ అందుకున్నారు. నేను "సార్, అది కాదు సార్" అనేలోపే నాలుగు అంతస్తుల గార్డులు వెతకడం మొదలుపెట్టారు. క్యాంటీన్‌లో బిర్యానీ తింటున్న ఒక పెద్దావిడను, పక్కనున్న అమ్మాయిని లేపి ఐడీ కార్డులు అడిగారట (ఆవిడ మేనేజరు, అమ్మాయి ఆవిడ కింద ఇంజనీరు, ఆ బంధమూ అంత దూరమేమీ కాదు).

అప్పుడు అక్క తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "పరేషాన్ గాకుండ్రి సార్. అగో, ఆడ కూసున్నరు" అని ఫౌంటెన్ పక్కకు చూపించింది. భవనం కట్టినవాళ్లు అందం కోసం వదిలేసిన రెండు బండలు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. వీపులు ఆనించుకుని, మాటల్లేకుండా.

సూపర్‌వైజర్ గారు వాటిని చూశారు, నన్ను చూశారు. మెమో ఖాయమనుకున్నాను. ఆయన గంభీరంగా, "చిన్నదేనా కోడలు?" అన్నారు.

"పెద్దదే కోడలు సార్. అత్త కరిగి కరిగి గట్లయింది."

మెమో రాలేదు. నీ రాళ్లకు వేరే రంగు అట్ట వేసుకోమన్న ఆజ్ఞ మాత్రం వచ్చింది.

నెలాఖరుకు నలభై ఒక్క పేర్లయ్యాయి. చివరి రోజున చివరి వరుసలో అక్క పేరు రాసి సంతకం పెట్టమన్నాను. అక్షరాలు కూడబలుక్కుంటూ పెట్టింది. వెళ్లిన సమయం రాయబోతే నా చెయ్యి పట్టుకుంది. "అది రాయకు. మల్ల రానా ఏంది?"

ఇప్పుడు నార్సింగిలో ఉంటున్నాను. ఏ కొత్త పని తలపెట్టినా ముందు గళ్లు గీస్తాను. అల్మరాలో అలాంటి రిజిస్టర్లు ఇంకో తొమ్మిది చేరాయి. నెమలి నోట్‌బుక్ రెండో పేజీ ఇప్పటికీ తెల్లగానే ఉంది. దాని ముందు బుద్ధిగా కూర్చుని, ఉత్సాహం వచ్చే బస్సు కోసం ఎదురుచూసిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ మొదటి రిజిస్టరు తిరగేసినప్పుడు మాత్రం చివరి వరుస దగ్గర కాసేపు ఆగుతాను. ఆ గడి నేను నింపలేదు.