సరంగు కాగితం కోసం భద్రాచలం

డీజిల్ ఇంజన్ చప్పుడు విని దాని జబ్బేమిటో చెప్పగలనని బోనకల్‌లో నాకు పేరుంది. మా అబ్బా పెట్టిన మెకానిక్ షాపు అది. ఊళ్లన్నిటికీ కరెంటు మోటార్లు వచ్చాక ఆయిల్ ఇంజన్లు తగ్గిపోయాయి, షాపులో నేనూ నా పానాలూ మిగిలాం. ఆ రోజుల్లోనే కొత్తగూడెం వైపు అడవి అంచున ఒక రిజర్వాయరులో మోటారు పడవ తిప్పబోతున్నారని, నడపడానికి ఒక మనిషి కావాలని తెలిసింది. నెల జీతం పని. వెళ్లి కాంట్రాక్టరును కలిశాను.

"ఇంజన్ పని వచ్చుడు మంచిదే యాకూబ్. కానీ సరంగు కాగితం లేకుంటె స్టీరింగ్ ముట్టనియ్య. ఎవరు ముందు తెస్తే వాళ్లకే పని," అన్నాడాయన.

పడవ నడిపేవాణ్ని గోదావరి మీద సరంగు అంటారు. ఆ కాగితం ఇచ్చే ముందు భద్రాచలం దగ్గర నాలుగు రోజులు శిక్షణ ఇచ్చి పరీక్ష పెడతారు. వెళ్లాలనుకునేవారు ముందే సిద్ధం చేసుకోవలసినవి: ఆధార్, పదో తరగతి మెమో, ఫొటోలు, సర్కారు దవాఖానా నుంచి ఫిట్‌నెస్ సర్టిఫికెట్. కంటిచూపు, రంగుల తేడా కూడా చూస్తారు. అన్నిటికంటే ముందు ఈత రావాలి.

సోమవారం ఉదయం ఆరు దాటాక బోనకల్‌లో ప్యాసింజర్ ఎక్కాను. ఖమ్మంలో దిగి, స్టేషన్ బయట రెండు ఇడ్లీ, ఒక గారె తిని, ఏడున్నరకు భద్రాచలం ఎక్స్‌ప్రెస్ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. వైరా, తల్లాడ దాటేసరికి బస్సు నిండింది. జూలూరుపాడులో నా పక్కనున్న ముసలాయన దిగాడు. చేతిలో స్టీలు క్యారియర్, భుజాన సంచితో ముప్పై ఏళ్లలోపు ఆమె ఒకతి ఎక్కి, "జర జరుగన్నా," అని కూర్చుంది. కండక్టర్ ఆమె ఆధార్ చూసి డబ్బు లేని జీరో టికెట్ కొట్టిచ్చాడు.

"ఆడోళ్లకు బస్సు, మనకు టికెట్టు," అన్నాడు వెనక సీట్లో ఒక రైతు. నేను నవ్వాను. నిజానికి నాకు నవ్వు రాలేదు.

"ఏడికన్నా?" అంది ఆమె.

"భద్రాచలం. పనుంది."

"నేను గూడ ఆడికే. మోటరు పడవ నేర్సుకునేటందుకు పోతున్న."

ఆమె పేరు నాగమణి. చండ్రుగొండ దాటి లోపల ఒక కోయగూడెం. హాస్టల్లో వంట చేస్తుంది. నేనేమీ అడగకుండానే అంతా చెప్పింది. వాళ్ల నాయిన వాగు మీద దోనె నడిపేవాడట, వానాకాలం ఆమె బడికి ఆ దోనెలోనే వెళ్లేదట. నేను కలిసిన కాంట్రాక్టరే ఆమెకూ చెప్పాడట.

"ఒక్కటే పోస్టంట. ఇంకెవరన్న పోతున్నరేమో తెల్వది," అంది.

నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. అప్పటిదాకా ఆ ఉద్యోగం నాదే అనుకున్నాను. మా ఇంటామెకు జీతం రోజు తారీఖు కూడా చెప్పి వచ్చాను.

పదకొండుంపావుకు వంతెన దాటి భద్రాచలంలో దిగాం. ఇద్దరం ఒకే రేవు వైపు నడుస్తుంటే ఆమె ఆగి నవ్వింది. "నువ్వు గూడ గీ పనికేనా అన్నా? బస్సుల చెప్పకపోతివి."

శిక్షణకు పదిమందిమి వచ్చాం. నేర్పే ఆయన పేరు సూరిబాబు గారు, కింది గోదావరి మనిషి, ముప్పై ఏళ్లు లాంచీలు నడిపాడు. గొంతు పెంచడు. మొదటి రోజు పడవ ఎక్కనివ్వలేదు. లైఫ్ జాకెట్ తొడగడం, ఎన్ని సీట్లుంటే అంతమందినే ఎక్కించడం, పొద్దు గూకాక పడవ తియ్యకపోవడం, ఇవే చెప్పాడు. సాయంత్రం ఈత. నేను బావుల్లో ఈదినవాణ్ని, పారే నీరు నాకు కొత్త. గుర్తు పెట్టిన వెదురుగడ దగ్గరికి చేరేసరికి ఆయాసంతో నోట మాట రాలేదు. నాగమణి అప్పటికే ఒడ్డున జుట్టు పిండుకుంటోంది.

బస్టాండు వెనక లాడ్జిలో రోజుకు నాలుగొందలకు గది తీసుకున్నాను. మంచం, ఫ్యాను, వేడినీళ్లు అడిగితే ఒక బకెట్. నాగమణి వంతెన అవతల సారపాకలో చుట్టాల ఇంట్లో దిగింది.

రెండో రోజు పడవ ఇచ్చారు. ఫైబర్ పడవ, లోపల డీజిల్ ఇంజన్. మూత తీసి చూస్తే నా షాపులో వెయ్యిసార్లు విప్పిన రకమే. ఇక నాకేం అనుకున్నాను. కానీ ఇంజన్ నడపడం వేరు, పడవ నడపడం వేరు. పడవకు బ్రేకు ఉండదు. రేవుకు తెచ్చేటప్పుడు ఏటివాలు వెంట వచ్చాను, ఎంత తగ్గించినా నీరు తోసింది, రేవుకు కట్టిన టైర్లను గుద్దుకున్నాను. రెండోసారీ అంతే. మూడోసారి ఒక టైరు తెగి నీళ్లలో పడింది.

తర్వాత నాగమణి వంతు. ఆమె రేవు దాటి కిందికి పోయి, పడవ ముక్కును ఎదురుకు తిప్పి, ఇంజన్ సన్నగా ఉంచి ఊరుకుంది. నీరే పడవను మెల్లగా పక్కకు తెచ్చి రేవుకు ఆనించింది.

"చూశారా, నీటితో పోట్లాడలేదు. వాడుకుంది," అన్నాడు సూరిబాబు గారు.

ఆ మాట నాకు పొద్దంతా చెవుల్లో ఉంది. మధ్యాహ్నం ఆమె క్యారియర్ విప్పి, అన్నంలో ఎండుచేపల పులుసు పోసి నా ముందుకు జరిపింది. "ఎదురు నీళ్లకు తిప్పాలె అన్నా. గంతే. దోనె గూడ గట్లనే పెడ్తం," అని చెయ్యి తిప్పి చూపించింది. పులుసు చాలా బాగుంది. అది కూడా నాకు నచ్చలేదు. ఆమె చెప్పినట్టు చేస్తే ఆమె దగ్గర నేర్చుకున్నట్టవుతుందని, ఆ సాయంత్రం మళ్లీ నా తీరులోనే వచ్చి మళ్లీ గుద్దుకున్నాను.

మూడో రోజు రాతపరీక్ష. ప్రశ్నలు తెలుగులోనే ఉంటాయి, భయపడనక్కర్లేదు. మొదటి రోజు ఇచ్చిన నియమాల పుస్తకం నాగమణికి నోటికొచ్చు. ఇంజన్ పాఠం దగ్గర మాత్రం తడబడింది. పరీక్షకు ముందు నా దగ్గరికొచ్చి, "డీజిల్ ఫిల్టర్ ఎందుకన్నా? డీజిల్ పైపుల గాలి పట్టుడంటె ఏంది?" అని అడిగింది. "ఫిల్టర్ అంటె డీజిల్ వడగట్టేది. గాలి సంగతి పెద్ద కథ, టైం లేదు," అన్నాను. నాకు పదిహేను నిమిషాల టైముంది. చేతిలో టీ గ్లాసు కూడా ఉంది.

సాయంత్రం నాలుగున్నరకు సూరిబాబు గారు నన్ను పిలిచాడు. "మీరు మెకానిక్ కదండీ. రేపు పరీక్షకు ఇంజన్ ఒకసారి చూసిపెట్టండి." ఆ నాలుగు రోజుల్లో నాకు సంతోషం కలిగింది ఆ ఒక్క క్షణమే. మూత తీసి బెల్టు చూశాను, ఆయిల్ చూశాను. ఫిల్టర్ కింద చిన్న గాజు గిన్నె ఉంటుంది. అందులో అడుగున నీళ్లు పేరుకుని ఉన్నాయి. పైన డీజిల్, కింద నీరు, మధ్యలో గీత గీసినట్టు స్పష్టంగా ఉంది. కింది స్క్రూ వదులు చేస్తే రెండు నిమిషాల్లో దిగిపోతుంది. వదిలేస్తే, పడవ ఊగినప్పుడు ఆ నీరు పైపులోకి పోయి ఇంజన్ ఆగుతుంది.

పానా చేతిలోనే ఉంది. ఒడ్డున సూరిబాబు గారు మర్నాటి వరుస చదువుతున్నాడు. మొదటి పేరు నాగమణిది. మిగతావాళ్లకు ఎలా నడపాలో చూపించడానికి ఆమెను ముందు పెడుతున్నానన్నాడు.

ఆ మాటతో నా చెయ్యి ఆగింది. ఆమె నడుపుతుండగా రేవు దగ్గర ఇంజన్ ఆగుతుంది, ఆమెకు ఏం చెయ్యాలో తెలియదు, అందరూ నన్ను కేకేస్తారు, నేను వెళ్లి నిమిషంలో స్టార్ట్ చేస్తాను. నేను అనుకున్నది ఇంతే. ఎవరికీ హాని కోరలేదని ఆ పూట నాకు నేనే చెప్పుకున్నాను.

"ఎలా ఉందండీ ఇంజన్?" అని అడిగాడాయన.

"బాగనే ఉంది సార్," అని మూత వేశాను.

నాలుగో రోజు తొమ్మిదింటికి పరీక్ష మొదలైంది. పడవలో నాగమణి, సూరిబాబు గారు, మరో ఇద్దరు అభ్యర్థులు. అందరికీ జాకెట్లున్నాయి. నేను ఒడ్డున నిలబడ్డాను. ఇంజన్ రేవు దగ్గర ఆగలేదు. నడి గోదాట్లో, వంతెనకు ఎగువన, పడవ అడ్డం తిరిగిన సమయంలో రెండుసార్లు దగ్గి ఆగింది.

ఆ చప్పుడు ఎందుకు ఆగిందో ఒడ్డున ఉన్నవాళ్లలో నాకొక్కడికే తెలుసు. పడవ వంతెన స్తంభాల వైపు కొట్టుకుపోతోంది. స్తంభాల దగ్గర నీరు సుడి తిరుగుతుంది. పడవలో ఇద్దరు ఈత అంతంతమాత్రంగా వచ్చినవాళ్లు. "రెండో పడవ తియ్యండి, జల్దీ!" అని అరిచాను. కాని రేవులో కట్టి ఉన్న రెండో పడవ తాడు విప్పడానికే టైం పట్టింది, తడిసి బిగుసుకున్న ముడి నాకు రాలేదు.

నాగమణి స్టార్టర్ ఒకసారి నొక్కి, మళ్లీ నొక్కలేదు. ఇద్దరినీ కింద కూర్చోమని చేత్తో చూపింది. ముందుకు పోయి లంగరు నీళ్లలోకి వదిలింది. లంగరు ఇసుకలో పట్టు దొరక్క జారింది. ఆమె ఇంకా తాడు వదిలింది, ఉన్న తాడంతా వదిలింది. పడవ ఒక్కసారి గుంజుకుని, ముక్కు ఎదురుకు తిరిగి ఆగింది. అప్పుడు ఎర్రగుడ్డ తీసి ఊపింది. ఇంత జరుగుతున్నా సూరిబాబు గారు చేతులు కట్టుకుని కూర్చునే ఉన్నాడు. పరీక్ష పెట్టినాయన పరీక్ష చూస్తున్నాడు.

రెండో పడవతో వాళ్లను లాక్కొచ్చాం. ఒడ్డెక్కగానే ఆయన మూత తీసి గాజు గిన్నెను ఎండకు పెట్టి చూశాడు. అందరూ చుట్టూ ఉన్నారు.

"నిన్న ఇది చూశారా యాకూబ్ గారూ?"

నీళ్లు రాత్రి చేరి ఉంటాయని చెప్పొచ్చు. అలా జరుగుతుంది కూడా. ఆయన నమ్మేవాడే. నాగమణి పక్కనే తడి తాడు చుడుతోంది. ఆమె అరచేతుల్లో తాడు ఒరిసి చర్మం లేచింది.

"చూసిన సార్. నీళ్లున్నయి. తియ్యలె. మీకు అబద్ధం చెప్పిన," అన్నాను.

ఆయన గిన్నెను తుడిచి దాని చోట బిగించాడు.

"ఇంజన్ పని మీకొచ్చు. పడవా వచ్చేస్తుంది, పది రోజులు పడుతుందేమో. కానీ తెలిసిన సంగతి దాచిన మనిషి చేతికి ఇవాళ నేను మనుషుల్ని అప్పగించలేనండి. వచ్చే బ్యాచ్‌కి రండి, చూద్దాం."

నా వంతు రానేలేదు. మధ్యాహ్నానికి నాగమణి కాగితం చేతికొచ్చింది. ఆమె గురించి ఆయన పైవాళ్లకు ఫోన్లో చెబుతున్నాడు: ఇంజన్ ఆగితే భయపడలేదు, అది నేర్పితే వచ్చేది కాదు అని. ఇంజన్ ఆపి నేను ఆమెకు చేసిన ఉపకారం అది.

రెండింటి బస్సెక్కాను. ఆమె మరో సీట్లో కూర్చుంటుందనుకున్నాను. వచ్చి నా పక్కనే కూర్చుంది. ప్లాస్టిక్ కవరులో కాగితం ఒడిలో పెట్టుకుంది. నేను దానిని చూడకుండా ఉండలేకపోయాను. ఫొటో అతికించి, ముద్ర వేసి ఉంది.

"లంగరు జారుతుంటె మా పిల్ల యాదికొచ్చింది. ఎందుకు చెప్పలె అన్నా?" అంది.

"ఇంజన్ ఆగితె నన్ను పిలుస్తరనుకున్న."

పాల్వంచ దాటాక, "పిలిచిండ్రు గద ఆఖరికి, గిన్నె చూపెట్టి," అంది.

కొత్తగూడెంలో బస్సు పది నిమిషాలు ఆగింది. దిగి రెండు టీలు తెచ్చాను. ఆమె కట్టు కట్టిన చేతుల్తో గ్లాసు పట్టుకుని, "రేపటి నుంచి నేనే చూసుకోవాలె. ఆ గిన్నెల నీళ్లు ఎట్ల తెలుస్తయి?" అని అడిగింది.

ఈసారి మొత్తం చెప్పాను. రోజూ పొద్దున ఇంజన్ వేసేముందు చూడాలని, నీరు బరువు కాబట్టి అడుగున ఉంటుందని, స్క్రూ ఎటు తిప్పాలో, ఆ తర్వాత గాలి ఎలా తీయాలో, బుడగలు ఆగాక పైపు ఎలా బిగించాలో. ఆమె రెండుసార్లు తిరిగి చెప్పి చూసుకుంది, తప్పు చెప్పిన చోట దిద్దాను. జూలూరుపాడు వచ్చేసరికి ఆమె నాకే ఒప్పజెప్పింది. దిగేటప్పుడు, "పోయొస్తనే అన్నా," అంది. నన్ను క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

ఖమ్మంలో సాయంత్రం ప్యాసింజర్ దొరికింది. ఎదురు సీట్లో మిర్చి రైతు ఒకాయన నా సంచి మీదున్న నియమాల పుస్తకం చూసి ఏందని అడిగాడు. సరంగు పరీక్షకు పోయొస్తున్నానన్నాను.

"పాసైనవా?"

"కాలె."

"మల్ల ఎవలన్న అయిండ్రా?"

బండి బోనకల్ దగ్గరికొస్తోంది. దిగాక ఇంటామెకు చెప్పాల్సిన మాటలు కూడగట్టుకుంటున్నాను. రిజర్వాయరు నీళ్ల మీద ఆ కొత్త పడవ, దాని స్టీరింగ్ దగ్గర ఆమె కళ్ల ముందు కనబడుతుంటే కడుపులో మంట ఇంకా ఉంది, పోయిందంటే అబద్ధమవుతుంది.

"అయింది ఒకామె," అన్నాను. "మస్తు నడుపుతది."