ఒక్క ఇల్లు తప్ప

ఆ రోజుల్లో విశాఖపట్నంలో మమ్మల్ని నిద్ర లేపే బాధ్యత కుళాయిది. నీళ్ళు ఏ వేళకి వస్తాయో వాల్వు తిప్పే మనిషికి తప్ప ఎవరికీ తెలిసేది కాదు (ఆయనకైనా తెలుసా అని నాకు ఇప్పటికీ అనుమానమే). అందుకని పడుకునే ముందు ప్రతి ఇంట్లోనూ కుళాయి బార్లా తిప్పి, దాని కింద ఒక సత్తు గిన్నె బోర్లించేవారు. తెల్లవారుజామున నీళ్ళు రాగానే గిన్నె మోగాలి, ఇంట్లోవాళ్ళు లేవాలి, బిందెలు పట్టుకోవాలి. ఏర్పాటు బాగానే ఉండేది, ఇంట్లోవాళ్ళు లేస్తే. లేవని ఇళ్ళలో నీళ్ళు ఆ గిన్నె మీద వాయించినంతసేపు వాయించి కాలవలోకి పోయేవి. కింద ఇలా పోతుంటే, పై అంతస్తులో కుళాయి ఉస్సురుమని గాలి మాత్రం వదిలేది. కాసేపటికి వాల్వు మనిషి నీళ్ళు పక్క బ్లాకుకి తిప్పేసేవాడు.

ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న కాలం. ఒక కంట్రాక్టు కంపెనీవాళ్ళ క్వార్టర్సులో నాకు వెల్ఫేర్ అసిస్టెంటుగా ఉద్యోగం దొరికింది. ఉండటానికి అక్కడే ఒక వాటా ఇచ్చారు. ఇంకా ప్రొబేషనే. బి.ఏ.లో సైకాలజీ చదివానని తీసుకున్నారు. ఆ చదువంతా కలిపి నా బుర్రలో మిగిలినవి రెండే: గంట కొడితే కుక్కకి నోరూరుతుంది, మనిషి ఏ పనైనా పక్కింటివాడిని చూసి చేస్తాడు. ఈ రెండింటితో ప్రపంచాన్ని బాగుచేయవచ్చని గట్టి నమ్మకం. మా ఆఫీసరు నన్ను పిలిచి, "బ్లాకులో నీళ్ళ వృథా ఆపించు. ఆదివారం పొద్దున్నే వచ్చి చూస్తాను. నిన్ను పర్మినెంటు చెయ్యాలో వద్దో ఆ తర్వాత తేలుస్తాను" అన్నారు. తేలకపోతే మా ఊరు పద్మనాభం వెళ్ళి వరిమడిలో దిగడమే. మడిలో దిగడానికి నాకేం నామోషీ లేదు గానీ, నేను ఆఫీసరయిపోయానని మా అమ్మ అప్పటికే ఊరంతా చెప్పేసింది.

అందరూ "నీళ్ళు వృథా చేయరాదు" అని బోర్డు రాస్తారు. ఎవడు వింటాడు? నేను సైకాలజీ చదివినవాణ్ణి కదా, మెట్ల కింద నల్లబల్ల మీద గుండ్రటి అక్షరాలతో ఇలా రాశాను: "ఈ బ్లాకులో ఒక్క ఇల్లు తప్ప అందరూ రాత్రిపూట కుళాయి కట్టేసే పడుకుంటున్నారు. వారికి కృతజ్ఞతలు." పచ్చి అబద్ధం. కట్టేసేవాళ్ళు ఒక్కరూ లేరు. మరి అందరూ కట్టేస్తున్నారని రాస్తే రాత్రి ఆ గిన్నెల మోత విన్నవాడెవడూ నమ్మడు గదా, అందుకని ఒక్క ఇంటిని మినహాయించాను.

ఆ సాయంత్రమే మెట్ల పక్క వాటాలో ఉండే క్రేను బావ (ఆయన క్రేను నడిపేవాడు, మగాళ్ళందరినీ బావా అనేవాడు, మేమూ అలాగే పిలిచేవాళ్ళం) నన్ను సైకిల్ స్టాండు వెనక్కి లాక్కెళ్ళాడు.

"బావా, ఆ ఇల్లు మాదేనని నీకెవులు సెప్పినారు?"

"ఎవరూ చెప్పలేదు."

"మరెలా తెలిసింది? సర్లే, ఇయ్యాల్టి నుంచి కట్టీత్తాను. నువ్వు మాత్రం బయట పెట్టకు. మొన్ననే కాలవ పాడు సేత్తన్నారని అందరి మీదా కేకలేసినాను."

మర్నాడు కింది వాటాలో ఉండే పిన్ని (నాకు చుట్టం కాదు, బ్లాకు మొత్తానికి పిన్ని) జంతికలు తెచ్చింది. "నాయినా, నాను సెవిటిదాన్ని. గిన్నె మోగినా లెగను. మాయింటి సంగతి నీ కడుపులో ఎట్టుకో" అంది. జంతికలు కూడా అక్కడే పెట్టుకున్నాను. ఆ తర్వాత ఒక్కొక్కరే, చీకటి పడ్డాక, చుట్టూ చూసుకుంటూ వచ్చి, ఆ ఒక్క ఇల్లు తమదేనని ఒప్పుకుని వెళ్ళారు. నేను ఏమీ అనకుండా తల పంకించేవాణ్ణి. రోజుకో ఇల్లు కుళాయి కట్టేస్తోంది. అయినా ఎవరో ఒకరింట్లో గిన్నె మోగుతూనే ఉండేది కాబట్టి, ఆ చప్పుడుకి మిగతావాళ్ళు లేచి నీళ్ళు పట్టుకునేవారు. ఈ చిన్న విషయం నా సైకాలజీకి తట్టలేదు.

శనివారం రాత్రి ఆఖరి ఇల్లు కూడా కట్టేసింది. బ్లాకంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం వింటూ, పర్మినెంటు కాగితం మీద సంతకం ఎలా పెట్టాలో ఆలోచించుకుంటూ హాయిగా నిద్రపోయాను.

కేకలకి మెలకువ వచ్చింది. బారెడు పొద్దెక్కింది. నీళ్ళు వచ్చాయి, వెళ్ళిపోయాయి. ఒక్క గిన్నె మోగలేదు, ఒక్కరు లేవలేదు. బ్లాకు మొత్తం మీద ముఖం కడుక్కోవడానికి చెంబెడు నీళ్ళు లేవు. బయటికి వస్తే ఖాళీ బిందెలతో ఆడవాళ్ళు, నోట్లో పళ్ళపొడితో మగాళ్ళు. మాట్లాడలేక నా వంక వేలు చూపిస్తున్నారు.

"ఏటి బావా సేసినావు!" అన్నాడు క్రేను బావ పళ్ళపొడి మింగేసి.

అంతలో వెనకనుంచి మా అమ్మ గొంతు. నాకు వండిపెట్టడానికి ఊరినుంచి వచ్చి నెల్లాళ్ళయింది. "అలా సూత్తారేటి? రండి, మా ఇంట్లో ఉన్నాయి" అంది. లోపల బిందెలూ బకెట్లూ గుండిగా, చివరికి నా స్నానపు చెంబుతో సహా, అన్నీ నిండుగా ఉన్నాయి.

"అమ్మా, నువ్వు కుళాయి కట్టలేదా?"

"ఎలా కడతాన్రా? అందరూ కట్టీసుకుంటే నీళ్ళొచ్చినాయని ఎవులికి తెలుస్తాది? గిన్నె ఎడితే నీ పరువు పోద్దని, కుళాయి కింద అరసెయ్యి ఎట్టుకుని అక్కడే పడుకున్నాను. సల్లగా తగిల్తే లెగిసినాను. ఆల్లూ నాలాగే లెగిసే ఉంటారనుకున్నాను."

సరిగ్గా అప్పుడే ఆఫీసరు జీపు వచ్చి ఆగింది. ఆయన చూసిన దృశ్యం ఇది: బ్లాకంతా బకెట్లు పట్టుకుని మా గుమ్మం ముందు వరసలో నిలబడింది. మా అమ్మ చీర కుచ్చెళ్ళు దోపుకుని ముంతతో కొలిచి పోస్తోంది. నాకు పద్మనాభం బస్సు కళ్ళ ముందు కదిలింది.

"ఏమిటిదంతా?" అన్నారాయన.

క్రేను బావ నల్లబల్ల చూపించాడు. "బోర్డు మీద ఉన్నదే సార్. ఒక్క ఇల్లు తప్ప అందరం కట్టీసినాం. ఆ ఒక్క ఇల్లూ ఈల్లదే!"

అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఆ ఇల్లు తమది కాదని తెలిసిన ఆనందంలో నామీద కోపం కూడా మరిచిపోయారు. ఆఫీసరు కాలవ దగ్గరికి వెళ్ళి వంగి చూశారు. పొడిగా ఉంది. వెనక్కి వచ్చి మా అమ్మ ఇచ్చిన టీ తాగి, "కాలవ ఎండింది, సంతోషం. బిందెలు కూడా ఎండితే ఎలాగయ్యా? ఆ ఒక్క ఇంటిని అలాగే ఉండనియ్యి. కాకపోతే ఆవిడని లేచాక అందరినీ లేపమను" అన్నారు.

ఆ రోజు నుంచి నా అబద్ధం నిజమైంది. బ్లాకులో ఒక్క ఇల్లు తప్ప అందరూ కుళాయి కట్టేసే పడుకునేవారు. నీళ్ళు చేతికి తగలగానే మా అమ్మ కంచం మీద గరిటెతో వాయించేది, "లెగండర్రా, వొచ్చినాయి!" అని కేకేసేది. పై అంతస్తుకి కూడా నీళ్ళు ఎక్కాయి. నేను పర్మినెంటు అయ్యాను. జనానికి ఆ మోత ఎంత అలవాటయిందంటే, ఒక మిట్టమధ్యాహ్నం ఎవరో కంచం జారవిడిస్తే పిన్నితో సహా ముగ్గురు బిందెలు పట్టుకుని బయటికొచ్చారు (చెవుడని చెప్పిన పిన్నే). కుక్కా గంటా పాఠం నాకు ఆ రోజు పూర్తిగా అర్థమైంది.

ఇప్పుడు సబ్బవరంలో సొంతిల్లు. బోరుంది, మోటారుంది, తిప్పగానే నీళ్ళు. అమ్మ లేదు. ఆ నల్లబల్ల ముందు తల పంకిస్తూ నిలబడ్డ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. మనుషుల మనసులన్నీ చదివేశాననుకున్నాడు పాపం, తన పక్కగదిలో ఒక మనిషి తన పరువు కోసం చల్లటి గచ్చు మీద చెయ్యి చాపి పడుకుందని కనిపెట్టలేకపోయాడు. తెల్లవారుజామున ఎవరూ లేపకుండానే మెలకువ వచ్చేస్తుంది. లేచి ఇంట్లో కుళాయిలన్నీ కట్టి ఉన్నాయో లేదో చూసుకుంటాను. ఆఖరిదాన్ని మాత్రం కొంచెం తిప్పి, కాసేపు అరచెయ్యి కింద పెడతాను. చల్లగా తగులుతుంది. అప్పుడు కట్టేస్తాను.