గ్రంథాలయం కార్డు మీద మినీ పాప

ప్రియ సహోదరులారా, సహోదరీలారా, నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కానని మీకు తెలుసు. ఒక రెండేళ్లు దేవునితో కూడా మాట్లాడలేదు. ఆదివారం వచ్చి వెనక వరుసలో కూర్చుని, పాటల పుస్తకం తెరిచి, నోరు మాత్రం తెరవకుండా ఇంటికి వెళ్లేవాణ్ణి.

కాలేజీ గ్రంథాలయంలో ఉద్యోగం దొరికి తెనాలి నుంచి ఇబ్రహీంపట్నం వచ్చిన ఏడాదే మా బాబు పోయాడు. ఎనిమిది నెలలవాడు. మెదడు పొరకు వాపు, జ్వరం, నాలుగు రోజులు. అంతకుముందు బస్టాండులో పోలియో చుక్కలు వేసి వాడి చిటికెన వేలికి నల్ల సిరా గుర్తు పెడితే, టీకాలన్నీ అయిపోయాయనుకున్నాను. చుక్కలు వేరనీ, అలాంటి జ్వరాల్లో ఒక రకాన్ని ఆపే సూది వేరనీ తర్వాత చదివాను. ఆ సూది పడి ఉంటే బతికేవాడా అని డాక్టరును అడగలేదు. వేల పుస్తకాల మధ్య కూర్చునే నేను తెనాలిలో పెట్టెలో ఉండిపోయిన వాడి టీకాల కార్డు ఒక్కటి చదవలేదు. అదీ నా చీకటి.

హైదరాబాదు మన వైపు పరుగెత్తుకొస్తున్న రోజులవి. మన మందిరం వెనక హాస్టలు కడుతున్నారు, ఒడిశా కూలీలు రేకుల గుడిసెల్లో ఉండేవారు. ఒక బుధవారం నర్సు యాదమ్మ మన సండేస్కూలు గదిలో పిల్లలకు టీకాలు వేస్తుంటే, పాస్టరుగారి మాట కాదనలేక నేను బల్లలు సర్దుతున్నాను. సబిత అనే ఒడిశా అమ్మాయి ఐదు నెలల పాప మినీని ఎత్తుకుని గుమ్మంలో నిలబడింది.

"కార్డేది?" అంది యాదమ్మ.

సబిత పాప చిటికెన వేలు పైకెత్తి చూపించింది. దాని మీద నల్ల సిరా గుర్తు.

సహోదరులారా, సర్దుతున్న బల్ల వదిలేసి ఆ వేలి దగ్గరికి వెళ్లాను.

"గది పోలియోది, సూది గాదు" అని యాదమ్మ నా వైపు తిరిగింది. "ఈళ్ల పేర్లు నా లిస్టుల లేవు సార్, ఊరోళ్లయే ఉన్నయ్. అయినా సూది ఏస్త, మందు ఉన్నది. గని కొత్త కార్డులు అయిపోయినయ్. రెండోది ఎన్నడో, మూడోది ఎన్నడో ఈమెకెట్ల ఎర్కైతది?"

రెండేళ్ల తర్వాత అప్పుడు ప్రార్థన చేశాను. "ప్రభువా, ఒక కార్డు." అంతే.

ఆకాశం నుంచి ఏమీ పడలేదు. నా సంచిలోనే ఉంది! కాలేజీకి కంప్యూటర్లు వచ్చాక పనికిరాకుండా పోయిన గ్రంథాలయం కార్డుల కట్ట, పారేయడానికి మనసొప్పక మోసుకు తిరుగుతున్నది. పేరు దగ్గర 'మినీ' అని రాశాను. తీసుకున్న తేదీ ఆ రోజుది, తిరిగి తేవలసిన తేదీ నాలుగు వారాల తర్వాతది.

"మంచిగున్నది సార్, పుస్తకం ఇచ్చినట్టు పిల్లనిస్తున్నవ్" అంది యాదమ్మ.

ఆ రోజు గుడిసెల్లోని పన్నెండు మంది పిల్లలకు కార్డులు రాశాను. కార్డుల వెనక గ్రంథాలయ నిబంధనలు అచ్చువేసి ఉన్నాయన్న సంగతి మరిచిపోయాను. కూలీల మేస్త్రి నర్సింహ వాటిని ఒక్కొక్కటే చదివి, హిందీలో అందరికీ వివరించాడట.

గడువు రోజున ఎనిమిదింటికల్లా తల్లులు వరుసలో ఉన్నారు. ఒక్క పిల్లకూ నుదుట కాటుక లేదు, ఒంటి మీద నిన్నటి దుమ్ము.

"గిదేంది, పిల్లలకు తానం పొయ్యలే?" అంది యాదమ్మ.

మేస్త్రి ముందుకొచ్చాడు. "తడపొద్దని రాసున్నది గదా అక్కా. గీతలు, మచ్చలు పెట్టొద్దని గూడ ఉన్నది, గందుకే కాటుక తుడిపిచ్చిన. పోగొడితే గసొంటిదే కొత్తది తెచ్చియ్యాల్నట. గది జర కష్టం."

యాదమ్మ నవ్వు ఆపుకోలేక సూది పక్కన పెట్టింది. అవి పుస్తకాలకు పెట్టిన నిబంధనలని నేను చెప్పబోతే మోచేత్తో పొడిచింది. "ఊకో సార్. మా ఊరోళ్లు ఎన్నడన్న గింత టైముకు వచ్చిన్రా?"

మూడో సూదికి వారం ముందు హాస్టలు పని అయిపోయి, కూలీలందరినీ ఇంకో పనికి దూరంగా తుక్కుగూడకు తీసుకెళ్లిపోయారు. మేస్త్రి ఫోను కలవలేదు. మినీకి రెండు సూదులే పడ్డాయి. గడువు బుధవారం పొద్దున్నుంచీ వాన. పదకొండైంది, పన్నెండైంది, ఒంటిగంటైంది, ఎవరూ రాలేదు. నేను గుమ్మంలో నిలబడి, "ప్రభువా, నా బాబును అడగను, ఆ పాపను తీసుకురా" అని ప్రార్థించాను. యాదమ్మ మందుల డబ్బాకు మూత పెట్టేసింది.

అప్పుడు ట్రాక్టరు చప్పుడు వినిపించింది. టార్పాలిన్ కింద సబిత, మినీ, మిగతా తల్లులూ, పిల్లలు పన్నెండు మందీ ఉన్నారు. పిల్లల మీద ఒక్క చుక్క పడలేదు. మేస్త్రి మాత్రం తడిసి ముద్దయ్యాడు.

"గింత వానల గీడిదాక ఎందుకొచ్చిన్రు? తుక్కుగూడల దవాఖాన లేదా, ఆడ సూది ఇయ్యరా?" అని యాదమ్మ అరిచింది.

మేస్త్రి ప్లాస్టిక్ కవరులోంచి మినీ కార్డు తీసి ఆఖరి నిబంధన మీద వేలు పెట్టాడు. "ఏడ తీసుకున్నమో ఆడనే తిరిగియ్యాల్నని రాసున్నది అక్కా. నేనేం జెయ్యాలె? ఈ సారు మస్తు స్ట్రిక్టు."

సహోదరులారా, నేను నవ్వాను! మా బాబు పోయాక మొదటిసారి, గోడకు ఆనుకుని, ఏడుపు వచ్చేదాకా నవ్వాను. సూది పడి మినీ కూడా ఏడ్చింది. ఇద్దరం ఇంచుమించు ఒకేసారి ఆపాం.

తర్వాత పన్నెండు కార్డుల మీదా ఆ నిబంధన కొట్టేసి, 'ఇకముందు టీకాలు ఎక్కడైనా వేయించుకోవచ్చు' అని రాశాను. మేస్త్రికి నమ్మకం కుదరలేదు. "సంతకం పెట్టు సార్" అన్నాడు. పన్నెండు సంతకాలు పెట్టాను.

దేవుడు నా బాబును తిరిగి ఇవ్వలేదు. ఇచ్చినట్టేనని చెబితే అబద్ధ సాక్ష్యమవుతుంది. కాని నా నోరు నాకు తిరిగి ఇచ్చాడు, దాంతోనే ఇవాళ మీ ముందు నిలబడ్డాను. దేవునికే మహిమ! మీ వీధిలోకి కొత్తగా ఎవరైనా వస్తే, ఏ ఊరు అని అడిగే ముందు పసిపిల్లలున్నారా అని అడగండి. వాళ్లు కార్డు బదులు వేలి మీద గుర్తు చూపిస్తే ఇక్కడికి తీసుకురండి. మీ గుండెలో నాలాంటి బరువు ఉంటే అదీ ఆయన దగ్గరికి తెచ్చి పెట్టండి. ఆయన లిస్టులో లేని పేరు లేదు. నేను ప్రతి బుధవారం సండేస్కూలు గదిలోనే ఉంటాను. కార్డులు ఇంకా సగం కట్ట ఉన్నాయి.