కమాల్ భాయ్ అడిగిన చేతులు

పంజగుట్ట చౌరస్తా నుంచి లోపలికి తిరిగే ఒక సందులో, జిరాక్స్ షాపుకీ కళ్లజోళ్ల షాపుకీ మధ్య, ఇద్దరు కూర్చుంటే మోకాళ్లు తగిలేంత జాగాలో ఉంది కమాల్ గడియారాల డబ్బా. ముప్పై ఆరేళ్లుగా ఆయన అక్కడే. ఈ కాలంలో జనం వచ్చేది ఎక్కువగా గడియారంలో సెల్లు మార్పించుకోవడానికే. ఎవరైనా కీ ఇచ్చే పాత గడియారం తెస్తే మాత్రం ఆయన పెళ్లి భోజనానికి పిలిచినట్టు సంబరపడిపోతాడు. విప్పకుండానే చెవి దగ్గర పెట్టుకుని జబ్బేమిటో చెప్పేస్తాడు. ఈ విద్య మీద ఆయనకు కాస్త గర్వం. కాస్త అని మర్యాదకు అంటున్నాను.

అలాంటి మనిషికి చేతులు వణకడం మొదలైంది. చాయ్ ఒలికితే సాసర్‌ని తిట్టాడు. స్క్రూ ఎగిరిపోతే తప్పు ఫ్యాను మీద పెట్టాడు. బేగంపేట డాక్టరు చూసి, భయపడే జబ్బు కాదు గానీ వణుకు పూర్తిగా పోదని చెప్పాక, ఇక మనుషులతో పని కాదని దేవుడినే పట్టుకున్నాడు. ఐదు పూటలా ఒకటే దువా: "యా అల్లా, నాకు వణకని చేతులియ్యి." నెలలు గడిచాయి, వణుకు ఇంకొంచెం పెరిగింది. ఇస్తాడన్న నమ్మకం పోలేదు గానీ, చివర్లో "జర జల్దీ" అని కలపడం మొదలుపెట్టాడు. ఇంట్లో మాత్రం చెప్పలేదు. డబ్బా మూస్తే తానింక ఎందుకూ కొరగానని ఆయన భయం.

ఒక బుధవారం జానకీదేవి వచ్చింది. రిటైరైన లెక్కల టీచరు. మొదటి జీతంతో కొనుక్కున్న గడియారం ఆగిపోయిందట. సాయంత్రం రైలుకి రాజమండ్రి వెళ్లిపోతోంది.

"అక్కడ దీన్ని బాగుచేసేవాళ్లే లేరండీ కమాల్ గారూ. మీరే దిక్కు," అని కళ్లజోళ్ల షాపులో స్టూలు అడిగి తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది.

కమాల్ చెవితో విన్నాడు, జబ్బు కనిపెట్టాడు, విప్పి తుడిచాడు. మిగిలింది ఒక్క స్క్రూ, ఆవగింజలో సగం ఉంటుంది. చిమ్టాతో పట్టుకుంటే జారింది. మళ్లీ పట్టుకుంటే మళ్లీ జారింది. మూడోసారి నుదుటి మీద చెమట పట్టింది.

"ఏంటండీ, ఒంట్లో బాలేదా?" అంది టీచరు.

ఇంక దాచి లాభం లేదు. ఉన్నమాట చెప్పేసి, ఈ రోజుతో డబ్బా మూసేద్దామనుకున్నాడు. చెప్పబోతుంటే అమీర్‌పేట నుంచి అన్నం డబ్బా పట్టుకుని భార్య గులాబ్ బీ దిగింది. ఆయన చేతిని చూసింది, స్క్రూని చూసింది.

"జరుగు," అంది.

"గిది మగ్గం పని కాదు గులాబ్! ముప్పై ఆరేండ్ల సంది నేర్సిన ఇల్మ్ ఇది!"

"నీ ఇల్మ్ నీ కాడనే ఉంచుకో. ఏడ పెట్టాలెనో చెప్పు."

అమీర్‌పేట బొటిక్‌లకు పాతికేళ్లు మగ్గం పని చేసిన మనిషి ఆమె. పెళ్లికూతుళ్ల జాకెట్ల మీద, కంటికి ఆననంత చిన్న పూసల్ని సూదిమొనతో ఎత్తి కుట్టేది. ఆ చేతుల్ని కమాల్ రోజూ చూస్తూనే ఉన్నాడు, ఏనాడూ పట్టించుకోలేదు. గులాబ్ బీ భూతద్దం కంటికి పెట్టుకుంది. ఆయన చెబుతుంటే ఒక్క పట్టులో స్క్రూ కూర్చోబెట్టింది.

"ఆగు, మరీ గట్టిగ తిప్పకు."

"నాకు తెల్వదా?"

గడియారం నడిచింది. జానకీదేవి చప్పట్లు కొట్టింది. "ఇంత పనిమంతురాలిని ఇన్నాళ్లూ ఎక్కడ దాచారండీ?" అని నవ్వుతూ వెళ్లిపోయింది.

కమాల్ సంతోషించాడా అంటే, లేదు. మూతి ముడుచుకుని అన్నానికి కూర్చున్నాడు. నాలుగు ముద్దలు దిగాక గానీ సంగతి బుర్రకెక్కలేదు. ఎక్కాక పైకి చూసి, "చేతులడిగితే నోరు సుత పంపినవా మాలిక్!" అని పగలబడి నవ్వాడు. తర్వాత దాచిందంతా కక్కేశాడు, వణుకు సంగతీ, డాక్టరు మాటా, దువా సంగతీ.

"నాకు తెల్వదనుకున్నవా? ఆర్నెల్ల సంది నీకు చాయ్ సగమే పోసిస్తున్న గద," అంది గులాబ్ బీ.

పెళ్లయిన ముప్పై నాలుగేళ్లలో మొదటిసారి కమాల్‌కు ఒక సందేహం వచ్చింది.

"మరి నువ్వేం అడుగుతవ్, దువాల?"

గులాబ్ బీ గిన్నెలు సర్దుతూ ఆగింది. "పని. కంప్యూటర్ మిషన్లు వచ్చినంక నన్నెవ్వరు పిలుస్తలేరు. నాలుగేండ్ల సంది అడుగుతున్న, గీ చేతులకు జర పని సూపియ్యి అని."

నాలుగేళ్లుగా పక్కనే నమాజు చాప మీద కూర్చుని ఆమె అడుగుతూనే ఉంది. కమాల్ ఒక్కసారి కూడా అడిగి తెలుసుకోలేదు. సిగ్గేసింది, దాన్ని మించి సంతోషమేసింది. ఒక్క స్క్రూతో ఇద్దరికీ జవాబిచ్చాడు దేవుడు.

"రేపటి సంది నాతోటే వస్తవా? మరి అన్నం ఎవరు తెస్తరు?" అన్నాడు కమాల్.

"పొద్దుగాల్నే ఇద్దరం కలిసి వండుకుందం. ఉల్లిగడ్డలు నువ్వు కోయాలె."

"నా చేతులు వణుకుతయి గద!"

"మంచిదే. సన్నగ తెగుతయి," అంది గులాబ్ బీ.