అర్జీల సోమవారం నాడు నవ్వుల క్లాసు

ఎవరినీ ఒక్క మాట అనకుండా, ఎవరి దగ్గరా చెయ్యి చాపకుండా, పొద్దున్నే టీ చుక్క కూడా తాగకుండా ఒక ప్రభుత్వ కార్యాలయం పరువును నంద్యాల దాకా మోసుకెళ్లి గంగలో కలిపిన ఘనత నాది. అదీ ఉద్యోగుల ఆరోగ్యం కోసం. ఎలా కలిపానో నేనే చెప్పేస్తాను. నేను చెప్పకపోతే మా అటెండరు ఖాజన్న చెబుతాడు. ఆయన చెబితే ఇంకో నాలుగు కలిపి చెబుతాడు.

నా పేరు రూతు. ఊరు ఆళ్లగడ్డ. ఆఫీసు పేరు అడక్కండి, రోజూ బస్సులో పోయి వచ్చేంత దూరంలో ఉన్న చిన్న పురపాలక కార్యాలయం అనుకుంటే చాలు. ఉద్యోగంలో చేరగానే నన్ను అర్జీల కౌంటర్‌లో కూర్చోబెట్టారు. కుళాయి రాకపోయినా, వీధి దీపం వెలగకపోయినా, కుక్క కరిచినా, కరవకుండా ఊరికే చూసినా జనం వచ్చి తిట్టేది ఆ కౌంటర్‌లో ఉన్న మనిషినే. పని చెయ్యాల్సిన పెద్దలు మాత్రం లోపలి గదిలో ఫ్యాను కింద ఉంటారు. నాకు ఫ్యాను లేదు. తిట్లతో పాటు వచ్చే గాలే నా గాలి.

ఆ లోపలి గదిలో ఒక కుర్చీ ఖాళీగా ఉండేది. సరిగ్గా ఫ్యాను కిందే. పెళ్లిచూపుల్లో అబ్బాయిని చూసినట్టు నేను దాన్ని తలుపు సందులోంచి చూస్తూ బతుకుతున్నాను.

అప్పుడు పైనుంచి ఉత్తర్వు దిగింది. ఉద్యోగులు ఒత్తిడితో నలిగిపోతున్నారట, ప్రతి ఆఫీసూ వాళ్ల ఆరోగ్యం కోసం ఏదో ఒకటి జరిపించి ఫొటోలు పంపాలట. ఎవరు చూసుకుంటారని కమిషనర్ సార్ అడిగితే అందరూ ఎవరి చెప్పులు వాళ్లు చూసుకున్నారు. నేనొక్కదాన్నే తల ఎత్తి ఉన్నాను, కుర్చీని చూస్తూ. దొరికిపోయాను. సార్ మాత్రం మంచివాడు. ఇది బాగా జరిపిస్తే కౌంటర్ నుంచి తీసి లోపల కూర్చోబెడతానని అందరి ముందూ మాట ఇచ్చాడు. ఇక నన్ను పట్టగలరా?

నంద్యాలలో శిక్షణకు పంపారు. అక్కడ ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని, ఒత్తిడికి మందు నవ్వేనని చెప్పి మా అందరినీ నవ్వించాడు. నవ్వు రాకపోయినా నవ్వాలి, ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటూ నవ్వాలి, మధ్యలో ఎవరు వచ్చినా ఆపకూడదు, వాళ్ల కళ్లలోకి కూడా చూసి నవ్వాలి. ఇదీ నియమం. నేను శ్రద్ధగా నేర్చుకున్నాను. చిన్నప్పటి నుంచీ అంతే, ఎవరూ వినని పాఠాన్ని నేను వింటాను.

ముందు రాగి జావతో మొదలుపెట్టాను. పొద్దున పూట ఎదురు హోటల్ నుంచి వచ్చే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ ఆపించి, తలా ఒక గ్లాసు జావ పోయించాను. మేనేజరు సుబ్బరాయుడు సార్ ఆ గ్లాసును గాలికి ఎగరకుండా ఫైళ్ల మీద బరువుగా పెట్టాడు. ఖాజన్న ఒక గుక్క తాగి నన్ను జాలిగా చూశాడు.

"పాపా, నేను నీకేం అన్యాయం చేసినా?"

జావ పోయింది, బజ్జీ తిరిగి వచ్చింది. తర్వాత వ్యాయామం పెట్టాను. మంగళవారం చూస్తే ఆఫీసులో నేను, ఖాజన్న, కుర్చీల మీద తువ్వాళ్లు. మిగతావాళ్లంతా ఎక్కడని అడిగితే ఫీల్డు మీద ఉన్నారన్నారు. బుధవారమూ ఫీల్డే, గురువారమూ ఫీల్డే. మా ఆఫీసులో ఫీల్డు ఎంత పెద్దదంటే, అందులోకి పోయిన మనిషి మళ్లీ జీతం రోజుకు గానీ కనబడడు.

కానీ ఒక్క సోమవారం మాత్రం అందరూ ఉంటారు. సోమవారం అర్జీల రోజు. జనం హాల్లోకి వచ్చి అర్జీలు ఇస్తారు, గోడకున్న పెద్ద టీవీలోంచి నంద్యాలలో కూర్చున్న పైఅధికారి మమ్మల్ని చూస్తుంటాడు. పేరు పిలిస్తే పలకాలి. అందుకని జ్వరం వచ్చినవాడు కూడా మాత్ర వేసుకుని వచ్చి కూర్చుంటాడు. నా బుర్రలో దీపం వెలిగింది. నవ్వుల క్లాసు సోమవారం పెడితే ఒక్కడూ తప్పించుకోలేడు.

ఖాజన్నకు చెప్పాను. ఆయన చీపురు గోడకు ఆనించాడు.

"సోమవారం జనాలొస్తారు గదా పాపా."

"వాళ్లు వచ్చేలోపల అయిపోతాదన్నా."

"నగడం మొదలుపెడితే యాడ నిలబడతాదో ఎవరికి తెలుసు?"

ఆ మాట వినాల్సింది. వినలేదు. ఫ్యాను గాలి అప్పటికే నా మొహానికి తగులుతోంది.

ఆ సోమవారం కమిషనర్ సార్ మీటింగుకు నంద్యాల పోయాడు. ఫొటోలు బాగా తీయించమని నాకు, ఆఫీసు చూసుకోమని మేనేజరుకు చెప్పి పోయాడు. నేను అందరినీ హాల్లో గుండ్రంగా నిలబెట్టి నియమం చెప్పాను. నవ్వు ఆపితే మళ్లీ మొదటి నుంచి అని బెదిరించాను కూడా. ఇంజనీరు శేషయ్య సార్, ఇదయ్యాక టిఫిన్ ఉందా అని అడిగాడు. ఉందన్నాను. లేదు.

మొదట ఎవరికీ నవ్వు రాలేదు. అందరూ నోళ్లు తెరిచి పంటి డాక్టరు ముందు ఉన్నట్టు ఉన్నారు. సుబ్బరాయుడు సార్ మా అందరికంటే పెద్ద. ఆయన నవ్వగా చూసినవాళ్లు ఆఫీసులో ఎవరూ లేరు, మా ఆళ్లగడ్డలో చెక్కి నిలబెట్టిన రాతి విగ్రహమైనా కాస్త పెదవి కదుపుతుందేమో. ఆయన కళ్లద్దాలు సర్దుకుని, ఫైలు చదివినట్టు, "హ. హ. హ. హ." అన్నాడు. ఒక్కో హ తర్వాత ఒక్కో చుక్క పెట్టి.

అంతే. శేషయ్య సార్ పగలబడి నవ్వాడు. ఆయన్ని చూసి పన్నుల సెక్షన్ నవ్వింది, వాళ్లను చూసి నీటి సరఫరా నవ్వింది. చివరికి సుబ్బరాయుడు సార్‌కే నిజంగా నవ్వొచ్చింది. అంత మనిషిలోంచి కుక్కర్ విజిల్ లాంటి సన్నటి కూత. అన్నేళ్లుగా లోపల దాచిపెట్టింది కాబోలు, ఆగకుండా వచ్చింది. ఆ కూత విని నేను గోడ పట్టుకుని కిందికి జారిపోయాను. అంత సంతోషం ఆ ఆఫీసులో నేనెప్పుడూ చూడలేదు. కుర్చీ నాదే అనుకున్నాను.

సరిగ్గా అప్పుడు ఓబుళమ్మవ్వ వచ్చింది.

ఓబుళమ్మవ్వ నా కౌంటర్‌కు పాత చుట్టం. ఆమె ఇంటి ముందు సైడు కాలవ పూడిపోయి మురుగు నీళ్లు ఇంట్లోకి వస్తాయి. మంచం కాళ్ల కింద ఇటుకలు పెట్టుకుని పడుకుంటుంది. వచ్చిన ప్రతిసారీ నేను అర్జీ తీసుకుంటాను, పైకి పంపాము అవ్వా అంటాను. పైకి అంటే ఆ ఫ్యాను గదిలోకి. అది అక్కడ ఏమయ్యేదో దేవుడికే తెలియాలి.

ఆమె గుమ్మంలో నిలబడి చెప్పింది. "మే పాపా, నీళ్లు ఇటకల పైకొచ్చినాయి."

నియమం నియమమే కదా. ఆఫీసు మొత్తం ఆమె వైపు తిరిగి, కళ్లలోకి చూసి, పకపకా నవ్వింది.

నిజంగా చెబుతున్నాను, ఆ క్షణం భూమి చీలితే దూకేదాన్ని. కానీ నోరు నా మాట వినలేదు. ఏడుపు వస్తోంది, బయటికి నవ్వు పోతోంది. ఆమెకు ఎలాగైనా సర్దిచెప్పాలని లేచి నిలబడ్డాను.

"తప్పుగా అనుకోవద్దవ్వా. ఇది ఆరోగ్యం కోసం."

"ఎవరి ఆరోగ్యం?"

"మాది అవ్వా."

ఆ రెండు మాటలూ నేనే అన్నాను. నోటితో. పక్కనున్న శేషయ్య సార్ ఆ జవాబు విని కింద కూలబడ్డాడు.

అవ్వ నడుము మీద చెయ్యి పెట్టుకుని ఒక్కొక్కరినీ చూసింది. "కాలవ నీళ్లు నా మంచం కింద, ఆరోగ్యం మీకు. బాగుంది నాయనా మీ లెక్క."

అప్పుడు గోడ మాట్లాడింది. అక్కడ ఏం జరుగుతోంది అని అడిగింది.

మేము నవ్వులో ఉండగా టైమైందని ఖాజన్న ప్రతి సోమవారం లాగే టీవీ పెట్టాడు. ఆయన తప్పేమీ లేదు, క్లాసుకు ఆ రోజు ఎంచింది నేను. తెర నిండా నంద్యాల హాలు. మధ్యలో పైఅధికారి. ఆయన పక్కనే మా కమిషనర్ సార్, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని. ఎప్పటి నుంచి చూస్తున్నారో తెలియదు గానీ, వాళ్ల మొహాలను బట్టి "మాది అవ్వా" అన్న మాట మాత్రం విన్నారు.

అందరి నవ్వులూ టక్కున ఆగిపోయాయి. సుబ్బరాయుడు సార్ ఒక్కడికే కూత ఆగలేదు. ఆయన రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. అది ముక్కులోంచి వచ్చింది.

ఎవరైనా ఆ పరిస్థితిలో పారిపోతారు. ఓబుళమ్మవ్వ నేరుగా టీవీ దగ్గరికి నడిచింది. దానికి మొహం ఆనించేంత దగ్గరగా నిలబడి, దేవుడితో మాట్లాడినట్టు మాట్లాడింది.

"సామీ, నా మాట ఇనపడతాందా? వీళ్లందరూ నా బాధ ఇని నగుతాండారు. నువ్వన్నా నగకుండా ఇను."

ఆయన నగకుండా విన్నాడు. కాలవ సంగతి, మంచం సంగతి, ఇటుకల సంగతి, నేను పైకి పంపిన అర్జీల సంగతి అన్నీ విన్నాడు. విని, పక్కకు తిరిగి మా కమిషనర్ సార్‌ను ఒక్క చూపు చూశాడు. ఆ చూపు ధాటికి ఇక్కడ మా చొక్కాలు కూడా తడిశాయి.

ఆ మధ్యాహ్నం మా ఆఫీసు మొత్తం నిజంగానే ఫీల్డులో ఉంది. యంత్రం వచ్చింది, పారలు వచ్చాయి. కమిషనర్ సార్ నంద్యాల నుంచి భోజనం చెయ్యకుండా వచ్చి కాలవ గట్టున నిలబడ్డాడు. నావైపు చూడలేదు, అదొక్కటే దయ. సుబ్బరాయుడు సార్ ప్యాంటు మడిచి మురుగులోకి దిగాడు. ఖాజన్న నాకు ఒక పార అందించి, జావ కంటే ఇదే మంచి మందు పాపా అన్నాడు. పొద్దుగూకేలోపల నీళ్లు గలగలా పారాయి. అవ్వ ఇంట్లో మంచం నేల మీదికి దిగింది. ఆమె దాని మీద కూర్చుని కాళ్లు ఊపుతూ మాకు మంచినీళ్లు ఇచ్చింది. నాకు సంతోషం వేసింది, సిగ్గూ వేసింది. ఇంత చిన్న పనికి ఆమెను అన్నిసార్లు తిప్పించామా అని.

ఆళ్లగడ్డలో బస్సు దిగేసరికి నాకంటే ముందు వార్త దిగింది. మా నాయన రిటైరైన పంతులు, ఆదివారం చర్చిలో వాక్యం చదివే మనిషి. అరుగు మీద కూర్చుని కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు.

"ఏం మే, ఆఫీసులో బాగా నగినారంట?"

ఏడుస్తానని నోరు తెరిచాను. పాడు నవ్వే వచ్చింది.

మర్నాడు కమిషనర్ సార్ పిలిచాడు. ఆరోగ్య కార్యక్రమం ముగిసిందన్నాడు. కుర్చీ గురించి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. తలుపు సందులోంచి ఒక్కసారి చూసుకున్నాను. దాని మీద సుబ్బరాయుడు సార్ మురుగు ప్యాంటు ఆరుతోంది, ఫ్యాను గాలికి హాయిగా.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. తర్వాతి సోమవారం నేను వచ్చేసరికి కౌంటర్ ముందు లైను గేటు దాటి ఉంది. మొట్టమొదట ఒక పెద్దాయన, చేతిలో అర్జీ. వాళ్ల వీధిలో దీపం లేదట. తీసుకున్నాను, పైకి పంపుతామన్నాను. ఆయన కదలడు.

"ఇంకేమన్నా ఉందా అప్పా?"

"నగు."

"ఏందీ?"

"ఓబుళమ్మ అర్జీకి నగితిరంట, పొద్దుగూకే పాటికి పనైందంట. నా దానికీ నగమ్మా, తొందరగా. వెనక శానామంది ఉండారు."

వెనకున్నవాళ్లందరూ తలలు ఊపారు. ఒకామె, మా కుళాయికి కొంచెం గట్టిగా నగాల అని ముందే చెప్పి పెట్టుకుంది. లైను పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నది ఎవరనుకున్నారు? ఓబుళమ్మవ్వే. అర్జీ ఏమీ లేదు, ఊరికే సాయానికి వచ్చింది. తోసుకోవద్దని జనాన్ని సర్దుతోంది.

"పాపను తొందర పెట్టాకండప్పా. ఒకరి తర్వాత ఒకరికి నగుతాది."

కమిషనర్ సార్ కిటికీలోంచి ఆ లైను చూశాడు, టీవీ వైపు చూశాడు, భయపడి ఇంజనీరును పిలిచి ఆ వీధి దీపం సాయంత్రానికల్లా వెలిగించమన్నాడు. అది వెలిగింది. ఇక నన్ను ఆ కౌంటర్ నుంచి కదిలించే మొనగాడు నంద్యాల జిల్లాలోనే లేడు. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. జనమే తలా కొంత వేసుకుని నా నెత్తిన ఒక ఫ్యాను పెట్టించారు, నగేటప్పుడు పాపకు చెమట పట్టకూడదని.

అందుచేత, ఆ ఫ్యాను సాక్షిగా, ఇది చదువుతున్న మీరందరూ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్లీ సోమవారం నాడు ఎవరి ఆరోగ్యం కోసమూ నవ్వుల క్లాసు పెట్టను. పెడితే గిడితే మంగళవారం పెడతాను. ఆ రోజైతే ఏ ప్రమాదమూ లేదు, అందరూ ఫీల్డులో ఉంటారు.