వెనక నుంచి పిలిస్తే

దెందులూరు బస్ షెల్టర్లో ఏలూరు బస్సు కోసం నేనూ, ఆరేళ్ళ మనవరాలూ కూర్చున్నాం. పిల్ల లేచి రోడ్డు అంచుకు పోయింది. మూడుసార్లు పిలిచినా తిరిగి చూడలేదు. రెక్క పట్టి లాక్కొచ్చి వీపు మీద రెండిచ్చాను.

"చెవుల్లో సీసం పోసుకున్నావే? బళ్ళో మేస్టారిదీ ఇదే గోల. మొండిఘటం!"

పక్కన ఖాళీ చేపల గంపతో కూర్చున్న కొల్లేరు ఆవిడ "కొట్టకండి మామ్మగారూ, ఒక్క నిమిషం" అంటూ లేచింది. రోడ్డు మీద బళ్ళేవీ లేనప్పుడు చూసి, మూతి ముడుచుకుని నిలబడ్డ పిల్ల వెనక్కి వెళ్ళి, మెల్లగా "పాపా, చాక్లెట్ తింటావా?" అంది. పిల్ల కదల్లేదు. ముందుకొచ్చి అదే గొంతుతో అదే మాట అడిగింది. పిల్ల వెంటనే చెయ్యి చాపింది.

మొండితనమని ఏడాదిగా నేను కొడుతున్నది వినపడని పిల్లనా!

"మా బుడ్డోడికీ ఇంతేనండీ. జలుబు తగ్గక చెవి లోపల నీరు నిలిచిపోయిందన్నారు. నోరు తెరుచుకుని పడుకుంటదా అండీ?"

"గురక కూడా పెడుతుంది. తాత పోలికని నవ్వుకునేవాళ్ళం. చెవి నొప్పంటే వెచ్చని నూనె పోసేదాన్ని."

"నూనె మానేసి చెవుల డాక్టరుకి చూపించండి. మావోడికిప్పుడు బాగానే వినపడతందండీ."

ఆవిడ పేరైనా అడక్కుండానే బస్సెక్కాను. దారంతా పిల్ల వీపు నిమురుతూనే ఉన్నాను.

వైద్యం చేయించాక పిల్లకిప్పుడు గుసగుసలు కూడా వినపడుతున్నాయి. నేను మాత్రం ఇప్పటికీ ఎదురుగా వెళ్ళి, మొహం చూసే పిలుస్తాను.

"అక్కణ్ణించే పిలవొచ్చుగా మామ్మా!" అని విసుక్కుంటుంది.