ఫ్యాను కింది కుర్చీ

డెబ్బైల్లో, గోదావరిఖనిలో కొత్తగా తెరిచిన ఒక కాలేజీలో నాకు తెలుగు లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. రామకృష్ణాపూర్‌లో బొగ్గుబాయి పని చేసే మా నాయన అడిగింది ఒకే ప్రశ్న: "ఆడ గాలాడుతదా బిడ్డా?"

ఆడేది, కానీ ఒక్క కుర్చీకే. స్టాఫ్ రూమ్‌లో ఉన్నది ఒకే ఫ్యాను. దాని గాలి సరిగ్గా కింద ఉన్న చేతుల కుర్చీని దాటి ఎటూ పోయేది కాదు. కిటికీ తెరిస్తే బొగ్గు దుమ్ము, మూస్తే ఉక్క. అందుకని ఆ కుర్చీ కోసం కెమిస్ట్రీ సారుకూ ఎకనామిక్స్ సారుకూ పెద్ద తగాదా. కెమిస్ట్రీ సారు వయసులో పెద్ద. ఎకనామిక్స్ సారు ఉద్యోగంలో ముందు. ముందంటే, ఇద్దరూ చేరింది ఒకే రోజు, ఈయన పొద్దున్నే చేరారు. కెమిస్ట్రీ సారు ఎక్కిన బస్సు దారిలో చెడిపోయి, ఆయన మధ్యాహ్నానికి గానీ వచ్చి చేరలేకపోయారు.

"బస్సు చెడిపోతే సీనియారిటీ పోతదా?" అని ఆయన, "పోదా మరి!" అని ఈయన. చివరికి మాటలు మానేశారు. ఎదురెదురుగా కూర్చునే, మధ్యలో నన్ను పెట్టుకుని మాట్లాడుకునేవారు.

"మేడం, ఆ సారుకు చెప్పుండ్రి, గా చాక్‌పీసుల డబ్బా నాది."

"తీస్కపొమ్మనుండ్రి మేడం. నాకేం ఫికర్ లేదు."

నేను నోరు తెరిచేలోపే డబ్బా చేతులు మారేది.

ఒక ఎండాకాలం, అధ్యాపకులు సంతోషంగా ఉన్నారో లేదో కనుక్కోవడానికి విశ్వవిద్యాలయం నుంచి ఒక ప్రొఫెసర్ వస్తున్నారని తెలిసింది. ప్రిన్సిపాల్ మమ్మల్ని వరసగా నిలబెట్టారు.

"ఏం అడిగినా, అన్నదమ్ముల్లెక్క ఉంటున్నం అనుండ్రి. మేడం, మీరు గూడ."

"నేను గూడ అన్నదమ్ముల్లెక్కనేనా సార్?"

"ఏదో ఒకటనుండ్రి!"

రామగుండం స్టేషన్‌లో దిగి వచ్చిన ప్రొఫెసర్ గారు చెమటతో తడిసి ముద్దయ్యారు. ఆయన్ను ఫ్యాను కింది కుర్చీలో కూర్చోబెట్టాం.

"ఇక్కడి వాతావరణం ఎలా ఉంది?" అని మొదలుపెట్టారు.

"కుంపట్ల కూసున్నట్టున్నది సార్," అన్నారు కెమిస్ట్రీ సారు నిజాయితీగా.

"ఎండ సంగతి కాదండీ. మీలో మీకు ఎలా ఉంది?"

ప్రిన్సిపాల్ దగ్గారు. "అన్నదమ్ముల్లెక్క," అన్నారు ఇద్దరూ ఒక్కసారే, చెరో గోడ వైపు చూస్తూ.

అంతలో కరెంటు పోయింది. ప్రొఫెసర్ గారు కాసేపు ఓర్చుకుని, గాలి కోసం వరండాలోకి వెళ్లారు. ప్రిన్సిపాల్ విసనకర్రతో ఆయన వెంటపడ్డారు. కుర్చీ ఖాళీ. సార్లిద్దరూ దానికి చెరో పక్కన నిలబడి, ఒకరినొకరు కనిపెట్టుకుంటున్నారు. ఫ్యాను కిర్రుమని కదిలిందో లేదో, రెండు వైపుల నుంచీ దూకారు. ఒకే కుర్చీలో ఇద్దరూ పడి గట్టిగా ఇరుక్కుపోయారు.

"లేవుండ్రి!"

"మీరే లేవుండ్రి. ముందు కూసున్నది నేను."

మాటలు మానేశాక, నా అవసరం లేకుండా వాళ్లు మాట్లాడుకోవడం నేను వినడం అదే మొదలు.

అప్పుడే ప్రొఫెసర్ గారు తిరిగొచ్చారు. మర్యాద కోసం ఇద్దరూ లేచారు. కుర్చీ కూడా లేచింది. దాన్ని వెనక వేలాడేసుకునే వంగి నమస్కారం పెట్టారు.

ప్రొఫెసర్ గారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. "చాలా కాలేజీలు తిరిగాను. ఇంత సఖ్యత ఎక్కడా చూడలేదు," అన్నారు. ఎగతాళికన్నారో నిజంగానే అన్నారో నాకు ఈ రోజుకీ తెలియదు. ప్రిన్సిపాల్ మాత్రం పొంగిపోయారు.

ప్రొఫెసర్ గారిని సాగనంపాక, మేమంతా కాక అని పిలిచే అటెండర్ వచ్చి కుర్చీ కాళ్లు పట్టుకున్నాడు. "సార్లూ, ఊపిరి బిగవట్టుండ్రి!" అని ఒక్క గుంజు గుంజాడు. కుర్చీతో సహా వెల్లకిలా పడ్డాడు. ముందు అతనే నవ్వాడు. తర్వాత మేమందరం కడుపు పట్టుకున్నాం.

"నీ బొక్కలు మస్తు గట్టిగున్నయే అన్నా," అన్నారు ఎకనామిక్స్ సారు, కెమిస్ట్రీ సారు ఎముకలు గుచ్చుకున్న నడుము రాసుకుంటూ.

సాయంత్రం ఇద్దరూ గేటు ముందు హోటల్లో చాయ్ తాగుతూ నన్నూ పిలిచారు. ప్రిన్సిపాల్ గదిలో మంచి టేబుల్ ఫ్యాను ఉందన్న సంగతి ఆ మాటల్లోనే తేలింది. మర్నాటి నుంచి స్టాఫ్ రూమ్‌లో కొట్లాట లేదు. క్లాసు లేనప్పుడల్లా ముగ్గురం కలిసి ప్రిన్సిపాల్ గదికి వెళ్లి, బెల్లు కొట్టేదాకా ఆయన్ను ఏవో సందేహాలు అడుగుతూ కూర్చునేవాళ్లం.